జాజియా నడిపితేనే మోగే బండి

ఆ రోజు ఖలీఫా ఇంట్లో ఎవరెవరున్నారో ముందే చెప్పెయ్యాలి. ఎందుకంటే తప్పు చేసిన మనిషి కూడా ఆ ఇంట్లోనే ఉంది.

మొదట ఖలీఫా. ఆలివ్ చెట్టుకు వేసిన నిచ్చెన జారి కాలు విరిగింది. పిండికట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని, వాకిట్లో పరుపు మీద సుల్తానులా ఒరిగి అందరికీ హుకుములిస్తున్నాడు. వంటింట్లో ఆయన భార్య సలీహా. గోడవార ఎండలో ఆయన తల్లి ముబారకా అవ్వ; ఆవిడ కోళ్ళతో తప్ప ఎవరితోనూ మర్యాదగా మాట్లాడదు. ఆయన చెల్లెలి కొడుకు నౌఫల్, వేలికి బండి తాళాలు తగిలించుకుని గిరగిరా తిప్పుతూ. ఆఖరున ఆయన కూతురు జాజియా, ఇరవై రెండేళ్ళ పిల్ల, తల వంచుకుని. వీళ్ళు కాక కొన్ని కోళ్ళు, ఆలివ్ బస్తాల గుట్ట, వాకిలి మధ్యలో రంగు వెలిసిన ఒక పాత పికప్ బండి.

బయటివాళ్ళు ఇద్దరే. మెద్నీన్ పట్నం నుంచి వచ్చిన డిటెక్టివ్ లల్లా మొంజియా, ఆవిడ సహాయకుడు గద్దూర్. లల్లా అంటే అక్కడ అమ్మగారు అన్నట్టు.

లల్లా మొంజియా ఒకప్పుడు బీమా కంపెనీలో పనిచేసింది. గుద్దుకున్న బండ్లను చూసి, ఎవరు అబద్ధమాడుతున్నారో చెప్పడం ఆవిడ ఉద్యోగం. సొట్టపడిన బంపరు చూస్తే చాలు, దాని యజమాని ఏ అబద్ధం చెప్పబోతున్నాడో ముందే చెప్పేసేదట. గద్దూర్ ఈ మాట కలిసిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆవిడంటే అతనికి అంత గురి. ఆవిడ తర్వాత అతను అంతగా ప్రేమించేది భోజనాన్ని.

ఆ ఉదయం ఆఫీసు తలుపు తెరిచీ తెరవకముందే జాజియా వచ్చింది. చున్నీ కొస నలుపుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"లల్లా, నేను చెప్పేది నవ్వకుండా వింటారా?"

"నవ్వొస్తే గద్దూర్ నవ్వుతాడు. నేను వింటాను. కూర్చో."

"మా బండిలో ఏదో మోగుతోంది. టక్ టక్ మని. నేను నడిపితేనే మోగుతుంది. మా బావ నడిపితే మోగదు."

గద్దూర్ కిటికీ వైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

లల్లా మొంజియా పొద్దుతిరుగుడు గింజ ఒకటి పంటికింద పటుక్కుమనిపించింది. ఆలోచన మొదలైందనడానికి అదే గుర్తు. "మెకానిక్‌కి చూపించారా?"

"ఇంటికే వచ్చి చూశాడు. ఏమీ కనబడలేదు. గేర్‌బాక్స్ పోయుంటుంది, అమ్మాయి క్లచ్ తొక్కి పట్టుకుంటోందేమో అన్నాడు. ఏమీ తోచకపోతే గేర్‌బాక్స్ అనడం ఆయనకి అలవాటు. కానీ మా నాన్న నమ్మేశాడు. ఊరంతా నమ్మేసింది. జాజియా ఎక్కితే బండి ఏడుస్తుందని పిల్లలు పాట కట్టారు."

"అయితే ఏమవుతుంది?"

"నాన్న కాలు బాగయ్యేదాకా ఎవరో ఒకరు ఆలివ్‌లు గానుగకి తోలాలి. ఇవాళ సాయంత్రం తాళాలు ఎవరికిచ్చేదీ తేల్చేస్తానన్నాడు. బావకిస్తే, రేపు కుట్టు ఫ్యాక్టరీ వ్యాను వస్తుంది, నేను దాన్లో ఎక్కి సముద్రం ఒడ్డున పనికి పోవాలి. నాకు పోవాలని లేదు లల్లా. ఆ కొండ దారిలో బండి నడుపుతుంటే..."

"నడుపుతుంటే?"

"ఏం లేదు. బావుంటుంది."

లల్లా మొంజియా లేచి కోటు తొడుక్కుంది. కొత్త బూడిదరంగు కోటు. "పద గద్దూర్. ఇన్నేళ్ళలో మనిషిని బట్టి మోగే బండి నేను చూడలేదు."

* * *

ఖలీఫా వాళ్ళను చూసి మోచేతి మీద లేచాడు.

"డిటెక్టివా? ఎందుకు, నా బండి ఎవర్నన్నా చంపిందా?"

"ఇంకా లేదు. మీ అమ్మాయి పేరును మాత్రం చంపుతోంది. కొన్ని ప్రశ్నలు అడగొచ్చా?"

"అడగండి. ఈ పరుపు మీంచి నేనెక్కడికి పారిపోతాను గనక."

నౌఫల్ అడక్కుండానే అందుకున్నాడు. "దీనికి డిటెక్టివ్ దేనికండీ! ఆడలేనమ్మ మద్దెల ఓడందట. క్లచ్ మీద కాలు పెట్టి అలాగే మర్చిపోతుంది."

"నేను పెట్టను!" అంది జాజియా.

"పెట్టకపోతే నాకెందుకు మోగదూ?"

ఆ పిల్ల తల ఇంకొంచెం వంగింది.

లల్లా మొంజియా బండి తలుపు తీసి లోపలికి తొంగిచూసింది. ఆ కొండల్లో ప్రతి బండి అద్దానికీ చేపబొమ్మో, పొట్టేలు కొమ్మో, ఇత్తడి అరచెయ్యో వేలాడుతుంది. ఈ బండి మాత్రం బోసిగా ఉంది.

"దిష్టికి ఏమీ కట్టలేదే?"

"మా అమ్మ కట్టింది. నేనే పీకేశాను," అన్నాడు ఖలీఫా. "ముందు చేప ఊగుతుంటే దారి చూడాలా, చేపను చూడాలా? నా బండిలో వేలాడేవేవీ కనబడకూడదని చెప్పేశాను."

"చెప్పాడమ్మా, చెప్పాడు!" గోడవార నుంచి ముబారకా అవ్వ గొంతు లేచింది. "వీళ్ళ తాత ఒంటెలు తోలి ఈ ఇల్లు కట్టాడు. మొదటిసారి బరువు మోసే పడుచు ఒంటె మీద ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ పడతాయి. దానికి చెయ్యాల్సింది చెయ్యకపోతే కూలబడుతుంది. మాకు తెలీదూ? వీడి కాలు ఎందుకు విరిగిందనుకున్నావు?"

"నిచ్చెన జారి," అన్నాడు ఖలీఫా.

"నిచ్చెన ఎందుకు జారింది?"

ఖలీఫా దిండు సర్దుకున్నాడు. ముబారకా అవ్వతో వాదించి గెలిచినవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

ముందు నౌఫల్‌ను నడపమన్నారు. లల్లా మొంజియా పక్కన కూర్చుంది. గద్దూర్ వెనక తొట్టిలో రెండు చేతులా కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. కొండ ఎక్కారు, దిగారు. నౌఫల్ మలుపుల దగ్గర కూడా వేగం తగ్గించలేదు. గద్దూర్‌కి పొద్దున తిన్నది గొంతుదాకా వచ్చి, అతని మీద జాలిపడి వెనక్కి వెళ్ళింది. బండిలో మాత్రం నౌఫల్ పాట తప్ప ఏ మోతా వినబడలేదు.

వాకిట్లో దిగగానే నౌఫల్ చేతులు చాపాడు. "విన్నారుగా?"

"పాట విన్నాను. బండి నయం," అంది లల్లా మొంజియా. "భోజనమయ్యాక జాజియా నడుపుతుంది."

ఆ మాట వినగానే ముబారకా అవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. "అయితే ఉండండి, బండి కింద గుడ్లుంటాయి, తీసేస్తాను. మా కోళ్ళు నీడ చూసుకుని అక్కడే పెడతాయి." శాలువా కప్పుకుని వంగి, ఆ వయసులో అంత చురుగ్గా ఎలా దూరిందో గాని, అప్పుడే వచ్చి ఆగిన బండి కిందికి దూరింది. కాసేపటికి శాలువా కొంగు మూట కట్టి పట్టుకుని బయటికి వచ్చింది.

గద్దూర్ ప్రాణం లేచొచ్చింది. గుడ్లంటే బ్రీక్. బ్రీక్ అంటే కరకరలాడే పల్చని రేకు, లోపల జారుగా పచ్చసొన. భోజనానికి కూర్చోగానే పళ్ళెంలోకి అదే వచ్చింది. పచ్చసొన చొక్కా మీద కారకుండా తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని కొరికాడు. ఏమీ కారలేదు. ఇంకోసారి కొరికాడు. బంగాళాదుంప. చివరిదాకా బంగాళాదుంపే.

అతని ముఖం చూసి సలీహా నొచ్చుకుంది. "ఏమనుకోకండి బాబూ. పొద్దు కురచయ్యాక మా కోళ్ళు గుడ్డు పెట్టడమే మానేశాయి. ఇంట్లో గుడ్డు చూసి ఎన్నాళ్ళయిందో. ఆలివ్ కాపు అయ్యేదాకా ఇంతే."

"పర్లేదమ్మా," అన్నాడు గద్దూర్, ఆప్తులెవరో పోయినట్టు.

లల్లా మొంజియా తినడం ఆపి అతని పళ్ళెంలోకి చూసింది. తర్వాత ఎదురుగా రొట్టె తుంపుతున్న ముబారకా అవ్వ చేతుల వైపు చూసింది. గోరింటతో ఎర్రగా ఉన్న వేళ్ళు కొసల్లో నల్లగా ఉన్నాయి. లల్లా మొంజియా ఇంకో ముక్క నోట్లో వేసుకుంది.

* * *

జాజియా బండెక్కింది. వీధి మలుపు తిరిగేసరికి మొదలైంది.

టక్... టక్... టక్...

వేగం పెరిగేకొద్దీ టకటకటకమని ఒకటే మోత. కాళ్ళ కింద రేకు వణికింది. టీ కొట్టు ముందు కూర్చున్న ముసలాయన చెవులు మూసుకున్నాడు. పిల్లలు పాట అందుకుని వెంటపడ్డారు. జాజియా పెదవి కొరుక్కుంది గాని స్టీరింగ్ మీద పట్టు వదల్లేదు. మలుపు మలుపుకీ ముందే వేగం తగ్గించింది. గద్దూర్‌కి ఈసారి కడుపులో ఏమీ తిరగలేదు. ఆ సంగతి అతను తర్వాతెప్పుడో గమనించాడు.

"క్లచ్ తొక్కు," అంది లల్లా మొంజియా, వాలులో.

తొక్కింది. టకటకటక.

"న్యూట్రల్ చెయ్యి."

చేసింది. టకటకటక.

"ఇప్పుడు ఆపు. ఆపి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కు."

ఇంజను గర్జించింది. టక్ మన్నది లేదు.

"మంచిది," అంది లల్లా మొంజియా. "బండి కదిలితే మోగుతోంది, ఇంజను అరిస్తే మోగడం లేదు. క్లచ్ తొక్కినా తొక్కకపోయినా ఒకటే. అంటే నీ కాలికీ దీనికీ సంబంధం లేదు. ఈ మాట ముందు నువ్వు విను. తర్వాత మీ నాన్నకి చెబుదాం."

జాజియా విన్నది. అయితే నమ్మడానికి భయపడి, గేరు కర్ర వైపు చూస్తూ కూర్చుంది.

చదునైన చోటికి వచ్చాక లల్లా మొంజియా దిగి, వెనక టైరు మీద సుద్దతో గీత గీసింది. "గద్దూర్, తొయ్యి."

గద్దూర్ తోశాడు. ఆవిడ పక్కనే నడుస్తూ విన్నది. సుద్దగీత ఒక్క చుట్టు తిరిగి వచ్చేలోపు టక్ మని దాదాపు నాలుగు సార్లు వినబడింది.

"చక్రానికి రాయి గుచ్చుకుంటే చుట్టుకొకసారి మోగాలి," అంది ఆవిడ. "చక్రం ఒక్కసారి తిరిగేలోపు నాలుగుసార్లు తిరిగేది ఈ బండిలో ఒకటే ఉంది. గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుదాకా పోయే పొడుగాటి గొట్టం. షాఫ్ట్. దానికేదో తగులుకుంది. తిరిగినప్పుడల్లా పైన రేకును కొడుతోంది."

గద్దూర్ ఆయాసపడుతూ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నౌఫలే లల్లా. వాడి జేబులో పానా చూశాను. బండి తనకి రావాలని వాడే చేస్తున్నాడు."

"ఆలోచించు. పిల్ల నడిపే ముందు పెట్టాలి, తను నడిపే ముందు తియ్యాలి. పెట్టాలి, తియ్యాలి, ప్రతిసారీ మట్టిలో పాకాలి. నౌఫల్‌కి అంత ఓపికుంటే ఈపాటికి ఏదో ఒక ఉద్యోగంలో ఉండేవాడు."

"పోనీ, ఇప్పుడే కిందికి చూస్తే తెలిసిపోదా?"

"చూస్తే వస్తువు దొరుకుతుంది. నాకు మనిషి కావాలి." ఆవిడ కోటు దులుపుకుంది. "అదీగాక ఇది కొత్తది."

* * *

వాకిట్లో దిగుతూనే లల్లా మొంజియా గొంతు పెంచింది. "ఇప్పుడు నౌఫల్ ఇంకొకసారి నడుపుతాడు!"

"ఉండండి, ఉండండి," అంటూ ముబారకా అవ్వ లేచింది. "గుడ్లు చూసొస్తాను."

శాలువా కప్పుకుని బండి కిందికి దూరింది. కాసేపటికి మూటతో బయటికి వచ్చి, దుమ్ము దులుపుకుని, వంటింటి వైపు నడవబోయింది.

"కూర్చోండి ఉమ్మీ," అంది లల్లా మొంజియా, సొంత తల్లిని పిలిచినట్టు పిలిచి, పీట జరిపి. "సలీహా గారూ, మీరూ రండి. నౌఫల్, ఆ తాళాలు తిప్పడం ఆపి ఇలా కూర్చో. చెప్పేస్తాను."

అందరూ ఖలీఫా పరుపు చుట్టూ చేరారు. కోళ్ళు కూడా చేరాయి.

"మోగుతున్నది గేర్‌బాక్స్ కాదు, క్లచ్ కాదు. కిందుండే షాఫ్ట్‌కి ఎవరో ఏదో కడుతున్నారు. జాజియా నడిపేముందు కడతారు, తిరిగొచ్చాక విప్పుతారు. అందుకే మెకానిక్‌కి ఏమీ కనబడలేదు. అందుకే నౌఫల్‌కి మోగలేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నౌఫల్ జేబులోంచి పానా తీసి నేలమీద పెట్టేశాడు. "ఇది ఇంటి నీళ్ళ కుళాయి కోసం! ఒట్టు!"

"నిన్నెవరన్నారు?" అంది లల్లా మొంజియా. "ఈ ఇంట్లో కోళ్ళు గుడ్డు పెట్టడం మానేసి చాలా రోజులైందని సలీహా గారు చెప్పారు. పాపం మా గద్దూర్ గుడ్డు లేని బ్రీక్ తిని సాక్ష్యం కూడా చెప్పగలడు. అయినా ఒకరు మాత్రం ఈ రోజు రెండుసార్లు గుడ్ల కోసం బండి కిందికి వెళ్ళారు. రెండుసార్లూ బండి అప్పుడే వచ్చి ఆగింది. అంత తొందరగా గుడ్డు పెట్టే కోడిని నేనెక్కడా చూడలేదు. జాజియా నడుపుతుందనగానే ఒకసారి, నౌఫల్ నడుపుతాడనగానే ఒకసారి. ఉమ్మీ, ఆ కొంగు విప్పుతారా?"

ముబారకా అవ్వ గడ్డం పైకెత్తి, కొంగు విప్పింది. మేకవెంట్రుకల తాడు, దానికి కుట్టిన చిన్న తోలు తాయెత్తు, పొట్టేలు కొమ్ము కొస, ఒంటె నడికట్టుకుండే ఇనప కడియం. అన్నీ గ్రీజుతో నల్లగా ఉన్నాయి.

"అమ్మా!" అన్నాడు ఖలీఫా.

"ఏరా అమ్మా? కనబడేవేవీ వద్దన్నది నువ్వు కాదూ? కనబడకుండా కట్టాను. పడుచు ఒంటె మొదటిసారి బరువెత్తితే పొట్ట కింద నడికట్టుకి కడతాం, ఎవరి కంటా పడకుండా. ఇంటికొచ్చాక విప్పుతాం, లేకపోతే ఒరుసుకుని పుండవుతుంది. ఈ బండికి పొట్ట కింద నిలువునా ఒక్కటే గొట్టం ఉంది. దానికి కట్టాను. తప్పేముంది?"

"ఉమ్మీ, ఆ గొట్టం తిరుగుతుంది," అంది లల్లా మొంజియా మెల్లగా.

ముబారకా అవ్వ మొదటిసారి తడబడింది. "తిరుగుతుందా? నేను చూసినప్పుడల్లా కదలకుండానే ఉందే!"

గద్దూర్ ఈసారి దగ్గలేదు. బాహాటంగా నవ్వేశాడు. సలీహా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి నేను నడిపేటప్పుడు ఎందుకు విప్పేస్తావు అమ్మమ్మా?" నౌఫల్ గొంతులో నిజంగానే బాధ ఉంది. "నాకు దిష్టి తగలదా?"

"నీకా?" అవ్వ వాణ్ణి నూనె జుట్టు నుంచి చెప్పులదాకా చూసింది. "నాయనా, నీ మీద ఈగ వాలదు. ఎవడి కన్ను పడుతుంది? నా మనవరాలు బండి తోలుకుంటూ వీధిలో వెళుతుంటే ఊరు ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూస్తుంది. దాని మీద పడతాయి కళ్ళు!"

"ఊరు గుమ్మాల్లోకొచ్చింది ఆ చప్పుడు విని, నానమ్మా," అంది జాజియా. నవ్వుతోందో ఏడుస్తోందో గద్దూర్‌కి తెలియలేదు. "నీవల్ల రేపు నన్ను ఫ్యాక్టరీ వ్యానెక్కించేవాళ్ళు."

ముసలావిడ ఒళ్ళో ఉన్న కడియాన్ని రెండు అరచేతుల మధ్యా దాచుకుంది.

"తిరగనిదానికి కట్టండి ఉమ్మీ," అంది లల్లా మొంజియా. "కింద అడ్డకమ్మీ ఒకటుంటుంది. ఎవరికీ కనబడదు, ఎప్పుడూ కదలదు. బిగించి కడితే గింజంత చప్పుడు కూడా రాదు. గద్దూర్ చూపిస్తాడు. వాడి కోటు పాతదే."

ఖలీఫా ఇంతసేపూ పిండికట్టు వైపే చూస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "కొండ దిగేటప్పుడు ఏ గేరు వేశావు?"

"రెండు," అంది జాజియా.

"పెద్ద మలుపు దగ్గర?"

"ముందే తగ్గించాను. మలుపులో బ్రేకు తొక్కలేదు."

"నౌఫల్, నువ్వు?"

నౌఫల్ ఆకాశం వైపు చూశాడు. "ఆయన తొక్కలేదండీ, మలుపులోనూ తొక్కలేదు, ముందూ తొక్కలేదు," అన్నాడు గద్దూర్. "నా కడుపు సాక్షి."

ఖలీఫా చెయ్యి చాచాడు. నౌఫల్ తాళాలు ఇచ్చాడు. సలీహా ఊతకర్ర అందించింది. అందరూ వద్దంటున్నా వినకుండా ఖలీఫా లేచి, ఒంటికాలి మీద గెంతుతూ, వాకిలి దాటి బండి దగ్గరికి వెళ్ళాడు. అడుగుకొకసారి మూలిగాడు గాని ఆగలేదు. బండి కింద గద్దూర్ కాళ్ళు, పక్కన వంగి "ఇంకా బిగించు, ఇంకా, అన్నం తిన్లేదా?" అంటున్న ముబారకా అవ్వ కనబడ్డారు. అన్నం తిన్నాను గాని గుడ్డు తినలేదని లోపల్నుంచి జవాబొచ్చింది.

"బస్తాలు ఎక్కించండి. గానుగ ఇంకా తెరిచే ఉంటుంది," అన్నాడు ఖలీఫా. "జాజియా, ఎక్కు."

"మామా," అన్నాడు నౌఫల్, "ఊళ్ళో ఏమంటారో..."

"ఏమంటారో దగ్గరుండి విను. బస్తాల మీద కూర్చో. దింపడానికి మనిషి కావాలి."

బస్తాలెక్కాయి. వాటి మీద నౌఫల్ ఎక్కాడు, జుట్టుకు దుమ్ము పడకుండా చేతులడ్డం పెట్టుకుని. జాజియా స్టీరింగ్ ముందు కూర్చుంది. ఖలీఫా కిటికీలోంచి తాళాలు ఆమె ఒళ్ళో వేశాడు. ఆమె వాటిని తీసుకుని, నాన్న ముఖంలోకి చూసి, ఏదో అనబోయింది.

ఖలీఫా ఊతకర్రను చంకలో బిగించి, రెండు చేతులతోనూ ఆమె వైపు తలుపు వేసేశాడు.